ఆరు గళ్ళ చీటీ

పొద్దున్న ఆరింటికి గాజు ఫ్యాక్టరీలో మొదటి ఫోను మోగుతుంది. చీటీల గదిలో కూర్చునే అమ్మాయి ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పెన్సిల్ అందుకుంటుంది. కరిగిన గాజుని అచ్చుల్లో పోసే పోతగదిలోంచి మేస్త్రి ఒక వాక్యం చెబుతాడు: మందానికి నాలుగింతలు, అందులోంచి ఒకటి తీసెయ్. ఆమె చీటీ మీద 4x − 1 అని రాసి, గోడకున్న కంతలోంచి అవతలికి తోస్తుంది.

గోడకి అవతల చల్లార్చే గది. అచ్చులోంచి తీసిన గాజు పలకని గబుక్కున చల్లారనిస్తే పైకి నున్నగానే కనిపిస్తుంది కానీ లోపల బిగపట్టుకుని కూర్చుంటుంది. తర్వాత ఎవరో చెయ్యి వేస్తారు, అప్పుడు పేలుతుంది. అందుకే వేడి గదిలో గంటలకొద్దీ నెమ్మదిగా చల్లార్చాలి. ఎన్ని గంటలన్నది పలక మందాన్ని బట్టి, ఆ పూట కరిగించిన ముద్దని బట్టి మారుతుంది. ముద్దని చూసి నియమం చెప్పేది మేస్త్రి. దాన్ని గుర్తుల్లోకి మార్చేది ఈ అమ్మాయి.

గుర్తుల్లోకి ఎందుకంటే, చల్లార్చే గదిలో పనిచేసేవాళ్ళు ఆరు భాషల వాళ్ళు. ఒకరు రాసిన వాక్యం ఇంకొకరికి కోడి కెలికిన మట్టి. కానీ x అంటే పలక మందమని, పక్కన అంకె ఉంటే అన్ని రెట్లని, బ్రాకెట్ ఉంటే ముందు దాని లోపలి సంగతి చూడాలని అందరికీ తెలుసు. కార్మికులందరిదీ ఒకే భాష అని గోడల మీద రాసుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ భాష నిజంగా ఉన్న చోటు ఆ కంత ఒక్కటే.

పాత మేనేజర్ ఉన్నన్నాళ్ళూ అక్కడొక పద్ధతి ఉండేది. మేస్త్రి చెప్పిన వాక్యాన్ని చీటీ మీద రాశాక, రాసినదాన్ని ఆ అమ్మాయి మళ్ళీ మాటల్లో పెట్టి తిరగచెప్పేది. మేస్త్రి "ఊ" అనేవాడు. ఆ ఊ వినిపించాకే చీటీ కంతలోకి వెళ్ళేది. అందుకే అతన్ని అందరూ ఊ మేస్త్రి అంటారు. ఇంట్లో భార్య పిలిచినా ఊ అంటాడే తప్ప రాడని ఒక జోకు కూడా ఉంది.

కొత్త మేనేజర్ వచ్చిన నెలలోనే గోడ గడియారం పక్కన నిలబడి లెక్క తీశాడు. తిరగచెప్పడానికి చీటీకి పన్నెండు క్షణాలు పడుతోంది. రోజుకి అరవై చీటీలు. ఊ అనడం రద్దయింది. అరవై చీటీలు నూటపది అయ్యాయి. చీటీ కూడా చిన్నదైంది. ఆరు గళ్ళు, గడికి ఒక గుర్తు. మిగిల్చిన క్షణాలు ఎవరి బతుకులో కలిశాయో ఎవరూ అడగలేదు. అడగాల్సినవాళ్ళకి అడిగే తీరిక కూడా ఆ పన్నెండు క్షణాల్లోనే ఉండేది మరి.

ఆ అమ్మాయికి పెద్దమ్మ ఒకావిడ ఉంది. అమ్మకి అక్క. అమ్మ పోయాక పెంచింది ఈవిడే. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో పనిచేస్తుంది. పెద్దమ్మ రెండు అరచేతుల మధ్య ఏం పెట్టినా అవన్నీ ఒక్కటైపోతాయి. పన్నెండు అద్దాలు పేర్చి అటొక చెయ్యి ఇటొక చెయ్యి వేసి కట్ట కట్టిందంటే, దారిలో లారీ గోతిలో పడితే పన్నెండూ పగులుతాయి, లేదా పన్నెండూ బతుకుతాయి. పది బతికి రెండు పగలడమన్నది ఆవిడ కట్టల్లో లేదు. ఈ సంగతి ప్యాకింగ్ రిజిస్టర్లో రాసే ఉంది. పెద్దాఫీసు వాళ్ళు కూడా ఖరీదైన సరుకు ఆవిడ చేత్తోనే కట్టించమని ఉత్తరాలు రాస్తారు.

పెద్దమ్మ ఆ చేతుల్ని మనుషుల జోలికి పోనివ్వదు. ఒకసారి పోయింది. చిన్నప్పుడు తన కూతురికి జ్వరం వస్తే, ఏడుస్తూ కూర్చున్న ఈ పిల్లని కూడా దగ్గరికి లాక్కుని, ఇద్దరి మీదా చెరో వైపు చెయ్యి వేసి కునుకు తీసింది. తెల్లారేసరికి ఈ పిల్లకీ జ్వరం. అటుది కొంచెం తగ్గి ఇటు రాలేదు. ఇద్దరికీ పూర్తిగా, డిగ్రీతో సహా. ఇద్దరూ కోలుకున్నారు. అప్పట్నుంచి పక్కపక్కన ఇద్దరు మనుషులు కూర్చుంటే ఆవిడ ఒక చెయ్యి వెనక్కి కట్టుకుని నడుస్తుంది.

ఆ అమ్మాయి స్కూల్లో బ్రాకెట్ల పాఠం ఇంటికి తెచ్చి అర్థం కాలేదని మొత్తుకుంటే చెప్పింది కూడా పెద్దమ్మే. "అది నా చేతులేనే. బయట మూడు ఉందంటే లోపల ఉన్న ప్రతిదానికీ మూడు. పంచుకోవడం కాదు, ఎవరి మూడు వాళ్ళకి."

*

ఆ మంగళవారం ఎనభై రెండో చీటీ.

మేస్త్రి గొంతు వెనక పోత యంత్రం రొద. ఆరు సెంటీమీటర్ల పలక. "మందానికి రెండు కలుపు. వచ్చినదాన్ని మూడింతలు చెయ్యి." అని ఫోను పెట్టేశాడు. పెట్టేయకముందే ఇంకో ఫోను మోగింది. ఆ అమ్మాయి చెవిలో పడినది పడినట్టు రాసుకుంటూ పోయింది. మందం. దానికి రెండు కలిపి. మూడింతలు. x + 2 × 3. ఐదు గళ్ళు నిండాయి, ఒకటి మిగిలింది. చీటీ కంతలోకి పోయింది.

అవతల చీటీ అందుకున్నది బాబాయి. వరసకి బాబాయి కాదు, పక్కింటాయన. ఆ పిల్లకి సైకిల్ నేర్పింది ఆయనే. ముప్ఫై ఏళ్ళుగా పలకలు చల్లారుస్తున్నాడు. చీటీ చూశాడు. ముందు గుణకారం చెయ్యాలి కాబట్టి రెండు మూళ్ళు ఆరు. ఆరు మందానికి ఆరు కలిపితే పన్నెండు. పలకని వేడి గదిలో పెట్టి, గోడనున్న గంటల సూదిని పన్నెండుకి తిప్పాడు.

ఉండాల్సింది ఇరవైనాలుగు.

మర్నాడు పలక బయటికి వచ్చింది. నున్నగా, నీళ్ళలా ఉంది. బాబాయి అంచు మీద చెయ్యి వేశాడు. పేలిన చప్పుడికి చీటీల గదిలో పెన్సిల్ డబ్బా కింద పడింది. గోడమీద ఎర్రరంగుతో రాసిన 'భద్రత మనందరి బాధ్యత' అనే అక్షరాల్లో 'మనందరి' అన్న చోట గాజు ముక్కలు గుచ్చుకుని నిలబడ్డాయి. బాబాయి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఎడమచేతికి పదిహేడు కుట్లు.

పేలిన పలక తాలూకు చీటీ మళ్ళీ చేతిలోకి వచ్చినప్పుడు ఆ అమ్మాయి దాన్ని ఒక్కసారే చూసింది. రెండోసారి చూడాల్సిన పని లేకపోయింది.

మూడు రోజుల్లో విచారణ అన్నారు. ఆ మూడు రోజులూ ఆమె చేత చీటీలు రాయించారు, వేరే మనిషి లేక. మేస్త్రి ఫోన్లో వాక్యం చెప్పి ఒక క్షణం ఆగేవాడు. ఆమె కూడా ఆగేది. తిరగచెప్పడం నిషేధం కాబట్టి ఇద్దరూ ఏమీ అనకుండా ఫోను పెట్టేసేవాళ్ళు.

తప్పు రుజువైతే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు. పేరు జాబితాలోకి ఎక్కుతుంది. ఆ జాబితా అన్ని గాజు ఫ్యాక్టరీల గేట్ల దగ్గరా వేలాడుతుంది. ఆమెకి తెలిసిన పని ఒక్కటే, మనుషుల మాటని గుర్తుల్లో పెట్టడం. ఆ పని ఇక జన్మలో చెయ్యనివ్వరు.

విచారణకి ముందురోజు సాయంత్రం పెద్దమ్మ గ్లాసుల్లో టీ పోసి ఎదురుగా కూర్చుంది. ఆ అమ్మాయి తాగలేదు.

"తప్పు నాదే పెద్దమ్మా. మూడు రాసి బ్రాకెట్ పెట్టుంటే సరిగ్గా ఆరు గళ్ళలో పట్టేది. లెక్కపెట్టాను. పట్టేది."

"నీదే," అంది పెద్దమ్మ. ఓదార్చే అలవాటు ఆవిడకి లేదు. "ఊ ఉండుంటే పట్టుకునేవాడా మేస్త్రి?" అని అడిగింది.

"పట్టుకునేవాడు. ఏడేళ్ళలో నలభై సార్లు పట్టుకున్నాడు."

"నలభై సార్లు తప్పు రాశావా నువ్వు? ఆ మాట రేపు అక్కడ అనకు."

ఆ అమ్మాయికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది.

*

విచారణ మేనేజర్ గదిలో. మూడు వైపులా గాజు గోడలు, పనిచేసేవాళ్ళు కనబడాలని. పెద్దాఫీసు నుంచి వచ్చిన అధికారి మధ్యలో కూర్చున్నాడు. అటు మేనేజర్, ఇటు మేస్త్రి. ఆ అమ్మాయి నిలబడింది. పేలిన పలక ముక్కల్ని సాక్ష్యంగా పెట్టె కట్టి తెచ్చింది పెద్దమ్మ. పని అయ్యాక మళ్ళీ కట్టాలి కాబట్టి గోడవారగా ఉండిపొమ్మన్నారు.

మేనేజర్ బాగా మాట్లాడాడు. అతని మాటల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు, అదే భయం. చీటీలో ఆరు గళ్ళున్నాయని, మూడు, బ్రాకెట్, x, కూడిక, రెండు, బ్రాకెట్, వెరసి ఆరని వేళ్ళు మడిచి చూపించాడు. స్థలం చాలలేదనడానికి లేదన్నాడు. మేస్త్రి సరిగ్గానే చెప్పాడు. అవునా?

మేస్త్రి తల దించుకునే, "ఊ" అన్నాడు. ఆ గదిలో ఆ ఊకి ఇంకో అర్థం లేదు.

బాబాయిని పిలిచారు. రెండు చేతులకీ కట్లతో వచ్చాడు. ఆ అమ్మాయి ఆయన ముఖంవైపు చూడలేకపోయింది. చీటీలో ఉన్నట్టే చేశావా అంటే చేశానన్నాడు. అనుమానం రాలేదా అంటే వచ్చిందన్నాడు.

"వచ్చింది బాబూ. ఇంత మందానికి పన్నెండేనా అనిపించింది. అడుగుదామని ఫోను తీశాను. అటు మోగుతూనే ఉంది. ఇంకో చీటీ వచ్చిపడింది, దాని వెనక ఇంకోటి." కట్లలో ఉన్న చేతిని చూసుకున్నాడు. "అమ్మాయి తప్పు రాసింది. నేను తప్పని తెలిసీ ఊరుకున్నాను. ఇంకెవరెవరు ఊరుకున్నారో మీరే రాసుకోండి."

అది రాసుకోలేదు. బాబాయిని వెళ్ళమన్నారు.

అధికారి సంచిలోంచి ముద్ర వేసిన కాగితం తీశాడు. విచారణకి ఒకే కాగితం, దానికో నంబరు. పైన 'హాజరు' అన్న వరసలో నాలుగు హోదాలు రాశాడు: విచారణాధికారి, మేనేజర్, మేస్త్రి, చీటీల గుమాస్తా. కింద 'నిర్ణయం' అన్న గీత ఖాళీగా ఉంది. బల్లమీది ఫ్యాను గాలికి కాగితం రెండుసార్లు ఎగిరింది. మేనేజర్ విసుగ్గా గోడవైపు చూశాడు.

"పెద్దమ్మా, కాస్త ఆ కాగితం పట్టుకో," అన్నాడు, ఫ్యాక్టరీలో అందరూ పిలిచినట్టే.

పెద్దమ్మ వచ్చింది. బల్ల ముందు నిలబడి, ఎడమ అరచేతిని 'విచారణాధికారి' అన్న మాటకి ముందు ఆనించింది. కుడి అరచేతిని 'గుమాస్తా' అన్న మాట తర్వాత ఆనించింది. చేతులు కొంచెం లోపలికి వంచి, నింపాదిగా.

ఆ అమ్మాయికి ఆ ఆకారం తెలుసు. అధికారి అప్పటికే రాయడం మొదలుపెట్టాడు. 'వెంటనే ఉద్యోగం నుంచి తొలగించడమైనది' అని రాయబోయాడు. ఎవరిని అని రాయలేదు. ఎవరినో అక్కడున్న అందరికీ తెలుసు కదా అనుకున్నాడు. పైవాళ్ళ వాక్యాలెప్పుడూ అలాగే ఉంటాయి. దెబ్బ ఎవరికన్నది వాటిల్లో రాయరు. రాయకపోయినా అది కిందికే పోతుందని నమ్మకం.

'తొలగి' దాకా వచ్చేసరికి నాలుగు మెడల్లోని గుర్తింపు కార్డుల తాళ్ళ ముళ్ళు ఒకేసారి వదులయ్యాయి. మేస్త్రి కార్డు ఒళ్ళో పడింది. మేనేజర్ కార్డు బల్లమీద పడి జారింది. అధికారి తన కార్డుని గుండెల మీద చేత్తో పట్టుకున్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. గాజు గోడలకి అవతల ప్యాకింగ్ వాళ్ళు, పోతగది వాళ్ళు పని ఆపి నిలబడ్డారు.

అధికారి రాసినది కొట్టేశాడు. తాళ్ళు బిగుసుకోలేదు, ఆగాయంతే. "చేతులు తియ్యమ్మా," అన్నాడు.

"కాగితం ఎగిరిపోతుంది బాబూ."

"ఫ్యాను ఆపుతాం."

"ఆపండి. ఒకసారి పెట్టాక లెక్క తేలకుండా తియ్యడం నా చేతుల్లో లేదు. మీ ఉత్తరాల్లో మీరే రాశారు కదా, అందుకేగా నాతో కట్టిస్తారు."

మేనేజర్ కుర్చీలోంచి సగం లేచాడు. నిర్ణయం గీత మీద గుమాస్తా అని విడిగా రాసెయ్యమన్నాడు. అధికారి ప్రయత్నించాడు. పెన్ను కాగితం మీద నీటి మీద రాసినట్టు జారిపోయింది, ఒక్క గీత పడలేదు. లోపల ఉన్నవాటిలో ఒక్కదాన్ని ఏరుకోవడం కుదరదని, బయట ఏది రాస్తే అది అందరికీ పడుతుందని, అందరికీ పడ్డాక కావాలంటే ఎవరిది వాళ్ళు విడిగా చూసుకోవచ్చని పెద్దమ్మ పిల్లలకి చెప్పినట్టు చెప్పింది.

"వదిలెయ్ పెద్దమ్మా," అంది ఆ అమ్మాయి. "తప్పు చేసింది నేను. శిక్ష వద్దనడంలేదు."

"నేనూ వద్దనడంలేదే. నువ్వు లోపలే ఉన్నావు కదా." పెద్దమ్మ తల తిప్పలేదు. "గోడమీద రాసింది వీళ్ళే. మనందరి అని."

అధికారి చాలాసేపు ఆ నాలుగు మాటల వంక చూస్తూ కూర్చున్నాడు. జరిమానా అనుకున్నాడు, హెచ్చరిక అనుకున్నాడు. ప్రతిసారీ పెన్ను కిందికి దించబోయి, తన కార్డు తాడుని తడుముకుని ఆగాడు. బతుకులో మొదటిసారి అతను తనకి కూడా వర్తించే వాక్యం కోసం వెతుక్కుంటున్నాడు. చట్టం ముందు అందరూ సమానమేనని ఎన్ని సభల్లో చదివి ఉంటాడో. ఆ వాక్యం తన మెడకి తాడై వేలాడుతుందని ఎవరూ చెప్పి ఉండరు.

చెమట చుక్క ఒకటి కాగితం మీద పడింది. అప్పుడు గాజు గోడ అవతల నిలబడ్డ బాబాయి కట్లు కనిపించాయి అతనికి.

నెమ్మదిగా రాశాడు. రాస్తూ బయటికి చదివాడు. గాయపడిన మనిషి చేతులు నయమయ్యేదాకా చల్లార్చే గదిలో ఆయన బదులు పని చెయ్యాలి. చెప్పినమాట తిరగచెప్పి, ఊ అనిపించుకోనిదే ఏ చీటీ కదలకూడదు.

చదివి, మేస్త్రివైపు చూశాడు. మేస్త్రి తల ఎత్తాడు. "ఇంకోసారి చదవండి," అన్నాడు. అధికారి చదివాడు.

"ఊ," అన్నాడు మేస్త్రి.

సంతకం పడింది. నాలుగు తాళ్ళూ బిగుసుకున్నాయి. పెద్దమ్మ చేతులు ఎత్తి, వేళ్ళు ఒకసారి విదిలించుకుని, గాజు ముక్కల పెట్టె కట్టడానికి వంగింది.

*

ఇరవైఆరు రోజులు. వంతులు కాదు, ఎవరి ఇరవైఆరు వాళ్ళకి. అధికారి రైలు టిక్కెట్టు రద్దు చేసుకుని చొక్కా చేతులు మడిచాడు. మేనేజర్‌కి రెండోరోజే అరచేతులు బొబ్బలెక్కాయి. నాలుగోరోజు కంతలోంచి తల పెట్టి, ఇది బ్రాకెటా, పెన్సిల్ జారిన గీతా అని అరిచాడట. ఫోన్ల రొదలో వినపడక మూడుసార్లు అడగాల్సి వచ్చిందట. ఆ వారం చివరికి చీటీకి పది గళ్ళు వచ్చాయి. రోజుకి చీటీలు అరవైకి దిగాయి. ఆ అమ్మాయి కూడా పొద్దున చీటీలు రాసి, ఆ పైన గోడకి అవతల పలకలు మోసింది. తను రాసిన గుర్తుల్ని తనే చదువుకుని, తనే సూది తిప్పేది. పలక బయటికి తీసిన ప్రతిసారీ బాబాయి చెయ్యి వేసిన చోటే చెయ్యి వేసేది.

జాబితాలో ఆమె పేరు ఎక్కలేదు.

ప్యాకింగ్‌లో మాత్రం ఒక సంగతి జరిగింది. విచారణ మర్నాడు పెద్దమ్మ కట్టిన కట్ట ఒకటి బల్లమీంచి జారి పడింది. విప్పి చూస్తే పదకొండు అద్దాలు బాగున్నాయి, ఒకటి పగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. పెద్దమ్మ పగిలినదాన్ని పక్కన పెట్టి, "లెక్క తేల్చేశాక బ్రాకెట్లు ఉండవు కదా" అని, రిజిస్టర్లో తన పేరు పక్కనున్న ఆ పాత వాక్యాన్ని తనే కొట్టేసింది.

బాబాయి కట్లు విప్పిన రోజు మధ్యాహ్నం పెద్దమ్మ, ఆ అమ్మాయి ఆయనింటికి వెళ్ళారు. ఆయన టీ పెట్టాడు, మూడు వేళ్ళతోనే. ఆ అమ్మాయి చెప్పాలనుకున్నది ఇరవైఆరు రోజులుగా మనసులో తిరగచెప్పుకుంటూనే ఉంది. తీరా అక్కడికొచ్చాక ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు.

పెద్దమ్మ బాబాయి కుడిచెయ్యి తీసుకుంది. ఆ అమ్మాయి కుడిచెయ్యీ తనే తీసుకుంది. ఒకదానిపై ఒకటి పెట్టి, తన రెండు అరచేతుల మధ్యా పట్టుకుంది.

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. పోయిన వేళ్ళ నొప్పి తనకీ పూర్తిగా వస్తుందని ఎదురుచూసింది. రావాలని కోరుకుంది.

రాలేదు. మూడు వేళ్ళున్న చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. అంతే.

"ఎంతసేపు పట్టుకుంటారే అలాగ?" అన్నాడు బాబాయి. "టీ చల్లారిపోతోంది. దానికి ఎన్ని గంటలో చీటీ ఏమైనా రాస్తావా?"

ఆమె కళ్ళు తెరిచింది. "మీరు చెప్పండి బాబాయ్, రాస్తాను," అంది. ఆ తర్వాత ఆగి, "రాసి తిరగచెబుతాను."

"ఊ," అన్నాడు బాబాయి.